ఎయిర్‌బ్రష్ పెయింట్‌కు వాటర్ పేపర్ రుద్దితే చాలదా, ప్రైమర్ తప్పదా?

అనంత బుల్లెట్:
బైకు సైడ్ ప్యానెళ్లు, వెనక నల్ల మడ్‌గార్డు, ఇంజిన్ పక్కనుండే అల్యూమినియం కవరు. మూడింటి మీదా ఎయిర్‌బ్రష్‌తో డిజైన్ వేద్దామనుకుంటున్నా. మూడూ బోసివే, పాత రంగు లేదు. మా వీధిలో పెయింటరన్న "గరుకు చేస్తే ఏదైనా పట్టుకుంటుంది, ప్రైమర్ (రంగు పట్టుకోడానికి కింద వేసే మొదటి పూత) దండగ" అంటున్నాడు. నిజమేనా?

కడప స్ప్రేగన్:
నిజమే తమ్ముడూ. 600 వాటర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దు, థిన్నర్ గుడ్డతో తుడువు, కొట్టేయ్. ప్రైమర్ మందంగా పడితే సన్న గీతల అందమంతా పోతుంది. ట్యాంకుల మీద ఏళ్లుగా ఇట్లే వేస్తున్నా, ఒక్కటీ లేవలేదు.

కర్నూలు మోడలర్:
అన్నా, మీ ట్యాంకుల మీద కంపెనీ పెయింట్ ఉంటుంది. అది ఇనుమును ముందే కరుచుకుని ఉంటుంది కాబట్టి, గరుకు చేస్తే పైపొర నిలుస్తుంది. ఆయన అడిగేది బోసి ప్లాస్టిక్, బోసి లోహం గురించి కదా.

తమ్ముడూ, ముందు ప్యానెల్ వెనక్కి తిప్పి చూడు, అచ్చులోనే అక్షరాలుంటాయి. ఏబీఎస్ (రంగు బాగానే పట్టే ఒక రకం గట్టి ప్లాస్టిక్) అని ఉంటే అదృష్టం. సన్నగా రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ ఒక పలచని కోటు చాలు. ఘాటు థిన్నర్ మాత్రం వద్దు, ఏబీఎస్ కరిగి పగుళ్లు పడతాయి. మడ్‌గార్డు మీద పీపీ, అంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, అని ఉంటే అసలు పేచీ అక్కడే. దాని మీద రంగు పరుచుకోదు, చుక్కలుగా ముడుచుకుపోతుంది. ఎంత గీకినా పీచు లేస్తుందే తప్ప పట్టు రాదు. దానికి అడ్హీషన్ ప్రమోటర్ (ఇలాంటి ప్లాస్టిక్‌కు రంగు అంటుకునేలా ముందు కొట్టే ద్రవం) కావాలి, అదీ పలచగా. డబ్బా మీద రాసిన టైములోపలే పైన రంగు పడాలి. కార్ల ఫ్యాక్టరీల్లో ఇలాంటి బంపర్లకు మంట చూపించి పైపొర గుణం మారుస్తారు. ఇంట్లో లైటర్ పట్టుకుని ఆ ప్రయోగం చేయకు!

అల్యూమినియానికి గాలి తగలగానే ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అది పేరుకోకముందే, రుద్దిన వెంటనే ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ఆమ్లపు ప్రైమర్) గానీ ఎపాక్సీ ప్రైమర్ (రెండు ద్రవాలు కలిపి కొట్టేది) గానీ కొట్టు. ఎచ్ మీద ఎపాక్సీ కొట్టొద్దని చాలా కంపెనీలు చెప్తాయి. ఇంజిన్ కవరు కాబట్టి పైన వేసే రంగు కూడా వేడికి తట్టుకునేదై ఉండాలి.

గుత్తి రోడ్ డెంటింగ్:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. రుద్దడానికి ముందే కడగాలి. పాలిష్, మైనం, సిలికాన్ స్ప్రే పేరుకున్న ప్యానెల్‌ను అలాగే రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి దూరుతుంది. తర్వాత రంగు చేపకళ్లలా విచ్చుకుంటుంది. ముందు సోపు నీళ్లు, తర్వాత వ్యాక్స్ రిమూవర్, ఆ తర్వాతే పేపర్. మళ్లీ శుభ్రమైన గుడ్డతో తుడవాలి. కిరోసిన్‌తో తుడిచేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది, అది జిడ్డు వదిలిపోతుంది.

ఇంకోటి, మన అనంతపురం బోరు నీళ్లు. వాటితో రుద్ది ఆరనిస్తే తెల్ల మరకలు కనిపిస్తాయి కదా, ఆ ఉప్పు రంగు కింద ఉండిపోతే తర్వాత తేమ తగిలి బొబ్బలు లేస్తాయి. ఆఖరి కడుగుడు మాత్రం ఆర్వో క్యాను నీళ్లతో చేయండి. కడిగిన లోహం మీద నీళ్లు తెగకుండా పొరలా నిలిస్తే శుభ్రమైనట్టు, చుక్కలు కడితే ఇంకా జిడ్డుంది. మే నెల మధ్యాహ్నం అసలు కొట్టొద్దు. రంగు గాల్లోనే ఎండి పొడిలా పడుతుంది.

కడప స్ప్రేగన్:
పీపీ సంగతి సరే, ఒప్పుకుంటా. ట్యాంకు మీద మాత్రం నా మాట నాదే. ఎవరికైనా అనుమానముంటే బాగా ఆరాక బ్లేడుతో గళ్లు గీసి, టేపు అంటించి లాగండి. ఎన్ని గళ్లు ఊడతాయో చూద్దాం.

కర్నూలు మోడలర్:
ట్యాంకు మీద ఊడవన్నా, నేనూ అదే అంటున్నా. అదే టేపు బోసి మడ్‌గార్డు మీద లాగి చూడండి.

అనంత బుల్లెట్:
తిప్పి చూశా, మడ్‌గార్డు పీపీనే. ప్రమోటర్ తెస్తా. హెల్మెట్‌కూ ఇదే పద్ధతా?

గుత్తి రోడ్ డెంటింగ్:
వద్దు తమ్ముడూ. చాలా హెల్మెట్ల షెల్ పాలీకార్బొనేట్‌ది, థిన్నర్ తగిలితే కంటికి కనపడని పగుళ్లొస్తాయి. దాని మీద రంగు వేయకు, కంపెనీ ఒప్పుకున్న స్టిక్కర్ దొరికితే అంటించుకో.