అప్‌డేట్: టామీ జాన్ సర్జరీ తర్వాత డీగ్రామా, ఆల్కాంటరానా?

2025లో మా ఫాంటసీ బేస్‌బాల్ (నిజం ఆటగాళ్ళ స్కోర్లతో మనం ఊహా టీమ్ నడిపే ఆట) డ్రాఫ్ట్‌లో ఆటగాళ్ళని ఎంచుకునే ముందు అడిగా కదా, టామీ జాన్ సర్జరీ (మోచేతి లిగమెంట్ ఆపరేషన్) నుంచి వస్తున్న ఈ ఇద్దరు పిచ్చర్లలో (బాల్ విసిరేవాళ్ళు) ఎవర్ని నమ్మొచ్చని. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. డీగ్రామ్‌నే తీసుకున్నా, 30 స్టార్ట్‌లు (మొదటి బాల్ నుంచి తనే వేసిన మ్యాచ్‌లు), 2.97 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున తన ఖాతాలో ఇచ్చిన పరుగులు, తక్కువైతే మేలు), ఇంకేం కావాలి. ఐఎల్ స్లాట్ (గాయపడ్డ ఆటగాణ్ణి పెట్టుకునే చోటు) ఖాళీగా ఉంచుకోమన్నారు గానీ ఆ అవసరమే రాలేదు. ఆల్కాంటరా విషయంలో మాత్రం "స్పీడ్ చూసి పడిపోకు, వాక్స్ (నాలుగు తప్పు బాల్స్‌తో బ్యాటర్‌కి ఊరికే బేస్ ఇచ్చేయడం) చూడు" అన్నాయన మాటే నిజమైంది, బాల్ గంటకి 97 మైళ్ళతో వెళ్తున్నా కంట్రోల్ లేదు, సీజన్ మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ బ్రేక్‌కి ఈఆర్ఏ 7 దాటేసింది, మా లీగ్‌లో ఒకడు విసుగొచ్చి వదిలేస్తే వాక్స్ తగ్గడం చూసి నేను ఎత్తుకున్నా, చివర్లో బాగానే ఆదుకున్నాడు. డీగ్రామ్ వయసెక్కువని జరిగిన గొడవంతా వేస్ట్, ఆ సీజన్‌లోనే 37 నిండినా ఇలా ఆడాడు మరి.