అమ్మమ్మగారి ఊళ్ళో వేసవి సెలవులు: పిల్లలతో పాటు ఏం పంపాలి, ఏం చెప్పాలి?

వేసవి_సంచి: బాబుకి 9, పాపకి 5. జూన్ 12న బడులు తెరిచేదాకా పల్లెలో మా అమ్మ దగ్గర ఉంటారు. ఇంటి వెనకే చెరువు, ఇంట్లో పాత ఇనుప కూలర్. అమ్మకి అరవై దాటాయి, వాళ్ళ వెనక పరిగెత్తలేదు. "ఎండలో తిరగనివ్వకు" లాంటివి ఆవిడకీ తెలుసు. కాస్త కొలతలతో చెప్పండి.

వార్డు_డ్యూటీ: ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్లు ఆరు పెట్టండి. 21 గ్రాముల దాకా ఉండే పెద్దది లీటరు నీళ్ళకి, 4 గ్రాముల పైచిలుకు ఉండే చిన్నది 200 మి.లీ.కి. అందరూ తప్పేది ఇక్కడే: పెద్ద ప్యాకెట్టులోంచి కాస్త గ్లాసులో వేసి మిగతాది మడిచి డబ్బాలో పెడతారు. చిక్కగా కలిస్తే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రమాదం, పలచనైతే పనిచేయదు. లీటరు సీసా ఒకటి ఇందుకే ఉంచి మొత్తం ఒకేసారి కలపమనండి. 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనం అయినప్పుడల్లా ఇద్దరికీ 100 నుంచి 200 మి.లీ., కొద్దికొద్దిగా. వాంతైతే పది నిమిషాలాగి మళ్ళీ చెంచాతో మొదలుపెట్టాలి.

తియ్యటి టెట్రాప్యాక్ డ్రింకులు ఓఆర్ఎస్ కావు. 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) వాటి మీద ఆ పేరే వద్దంది. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్న పొడి ప్యాకెట్టే కొనండి. మామూలు దాహానికి ఇవేవీ అక్కర్లేదు, ఉప్పేసిన మజ్జిగ చాలు.

ఒళ్ళు 104 డిగ్రీలు దాటి కాలిపోతూ, పిల్లాడు పొంతన లేకుండా మాట్లాడినా మగతగా పడున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, నీడలో పడుకోబెట్టి, బట్టలు విప్పి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరాలి. పారాసెటమాల్ వేసి కూర్చోవద్దు, ఇది జ్వరం కాదు గనక దానికి తగ్గదు. మగతలో ఉన్నవాళ్ళ నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

చెరువు_గట్టు: నీళ్ళు తగ్గాయి కదా అని ధీమా వద్దండీ. మట్టి తోలుకెళ్ళిన గుంతలు పైకి కనపడవు. మోకాలి లోతులో నడుస్తుంటే ఒక్క అడుగు తేడాలో మనిషి మునుగుతాడు, అంచు బురద కాలు నిలవనివ్వదు. ఒకణ్ణి పట్టుకోబోయి రెండోవాడూ పోయేది అందుకే. బాబుకి గట్టిగా చెప్పండి: ఎవరు మునుగుతున్నా దూకకూడదు. అరవాలి, ఖాళీ బిందో మూత బిగించిన ఖాళీ క్యానో విసరాలి. పెద్దవాళ్ళు చీర గానీ కర్ర గానీ అందించేటప్పుడు గట్టు మీద బోర్లా పడుకోవాలి, నిలబడితే లోపలికి లాగేస్తారు.

బయటికి తీశాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయొద్దు. ఊపిరి ఆడకపోతే ముక్కు మూసి నోట్లోకి ముందు 5 సార్లు ఊది, తర్వాత ఛాతీ మధ్య 30 నొక్కులు, 2 ఊదులు. 108 వచ్చేదాకా ఆపకూడదు.

కూలర్‌లో నీళ్ళు పోసేముందు ప్లగ్గే పీకాలి. పాత వైరింగులో స్విచ్ కరెంటు తెచ్చే ఫేజ్ తీగకి కాక, తిరిగెళ్ళే న్యూట్రల్ తీగకి పెట్టి ఉంటే, ఆపినా లోపలికి కరెంటు వస్తూనే ఉంటుంది. ఎర్త్ చూపించి, 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) వేయించండి.

వేసవి_సంచి: చాలా థాంక్సండీ, ఎలక్ట్రీషియన్‌ని రేపే పిలిపిస్తాను. మరి చదువు సంగతి? పాపకి ఒత్తులింకా రావు.

ఒకటో_తరగతి: తలుపులు మూసుకునే మధ్యాహ్నమే సరైన వేళ. అన్నం తిన్నాక 20 నిమిషాలు, అంతకు మించొద్దు. పాపకి స్టోరీవీవర్ సైట్లో తెలుగు కథలు ఉచితం. స్థాయి 1వి దింపి ప్రింటు తీసి పంపండి, ఊళ్ళో నెట్ కోసం చూడొద్దు. అమ్మమ్మ పదాల కింద వేలు జరుపుతూ చదవాలి. 'అక్క' దగ్గర పాప ఆగితే "కకి క ఒత్తు" అని వల్లింపించకుండా పదం చెప్పేసి ముందుకెళ్ళాలి. అదే కథ నాలుగు రోజులు చదివి, ఆ తర్వాత కుక్క, ముక్క పక్కపక్కన రాసి చూపిస్తే చాలామంది పిల్లలు ఒత్తుని వాళ్ళే పట్టుకుంటారు.

బాబుతో పుస్తకం మధ్యలో ఒక పేజీ చదివించండి. తెలియని మాటకల్లా ఒక వేలు ముడవమనండి. ఐదూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పుడొద్దు. కథ అయ్యాక నీతేమిటని మాత్రం అడగొద్దు, సెలవుల్లో పరీక్ష పెట్టినట్టు ఉంటుంది.

అన్నట్టు, అమ్మగారి దగ్గరచూపు కళ్ళజోడు పనిచేస్తోందో లేదో ఓసారి చూడండి. అక్షరాలు ఆనకపోతే ఆవిడ రెండో రోజే "తర్వాత చదువుదాంలే" అంటారు.