హ్యూమన్ ఫ్యాక్టర్స్ పాఠం: నిజమైన విమానాలతో ఎవరైనా చెబుతున్నారా?

మారతహళ్లి టీచరు
బెంగళూరులోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఏరోనాటికల్ విభాగంలో పాఠాలు చెబుతాను. ఈ ఏడాది హ్యూమన్ ఫ్యాక్టర్స్ పేపరు, అంటే మనిషి శరీరానికి, బుద్ధికి తగ్గట్టు యంత్రాలను రూపొందించే పాఠం, నాకు అప్పగించారు. పిల్లలు నిర్వచనాలన్నీ గడగడా అప్పజెబుతున్నారు. 1990 ఫిబ్రవరి 14న ఇక్కడే, హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలో దిగబోతూ కూలిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఎయిర్‌బస్ ఏ320 గురించి రాయమంటే మాత్రం అందరూ "పైలట్ తప్పిదం" అని రాసి పెన్ను మూసేశారు. 92 మంది ప్రాణాలు పోయిన ప్రమాదం అది. ఆ కాగితాలు దిద్దుతుంటే నాకు చాలా బాధ వేసింది. నిజమైన ప్రాజెక్టులతో ఈ పాఠం చెప్పినవారు, నేర్చుకున్నవారు మీ అనుభవం రాయండి.

విమానపుర పెద్దాయన
ముప్పై ఏళ్లు కాక్‌పిట్ వైరింగులో పనిచేశానమ్మా. పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి. ఆ విమానం దిగుతున్నప్పుడు ఇంజన్లు ఐడిల్‌లోకి, అంటే అతి తక్కువ శక్తికి, వెళ్లాయి. మరి ఇంజన్ల శక్తిని పెంచి తగ్గించే థ్రస్ట్ మీటలు ఎక్కడున్నాయి? ఏ320లో ఆటోథ్రస్ట్ (ఇంజన్ల శక్తిని కంప్యూటరే సర్దే ఏర్పాటు) నడుస్తున్నంతసేపూ మీటలు కదలవు. ఇంజన్ల శక్తి తగ్గిపోయినా వాటి మీద ఉన్న చేతికి ఆ సంగతి తెలియదు. మీటలు వాటంతట అవే జరిగే విమానాల్లో అయితే, కళ్లు మరోచోట ఉన్నా అరచేయి చెబుతుంది.

ఇంకొకటి. ఎత్తును ఎంచుకునే నాబ్, కిందికి దిగే వేగాన్ని ఎంచుకునే నాబ్ ఒకే వరుసలో పక్కపక్కన ఉంటాయి. ఒకటి అనుకుని రెండోది తిప్పి ఉండవచ్చన్న మాట విచారణలోనూ వచ్చింది. వేగం పడిపోవడం పైలట్లు చూసుకోవలసింది, కాదనను. అయితే అది వాళ్ల కంట పడకపోవడంలో ఆ ప్యానెల్ పాత్ర ఎంతో అడగకుండా వదిలేస్తే, రేపు మన పిల్లలు గీసే ప్యానెల్‌లోనూ అదే పొరపాటుకు చోటుంటుంది.

మొదటి బెంచి
మా మాస్టారు ప్లైవుడ్ పలక మీద ఒకేలాంటి రెండు స్విచ్చులు బిగించి తెచ్చారు. ఒకటి ఫ్లాప్‌లకు (రెక్కల వెనుక అంచున కిందికి దిగే పలకలు), రెండోది చక్రాలు ముడవడానికి. నా కళ్లకు తువ్వాలు కట్టి, మూడు వందల నుంచి ఏడేసి తీసేస్తూ పైకి లెక్కపెట్టమన్నారు. నడుమ నడుమ "ఫ్లాప్‌లు!" అని అరిచేవారు. రెండు వందల డెబ్బై తొమ్మిది దగ్గర చక్రాల స్విచ్చు నొక్కేశాను. నేల మీద ఉన్న విమానం బొక్కబోర్లా పడిందన్నమాట! తరగతంతా ఒక్కొక్కరుగా వచ్చారు, చాలామంది అదే తప్పు చేశారు.

అప్పుడు ఆయన ఏమీ మాట్లాడకుండా పాత సూట్‌కేసు చక్రం ఒకటి తీసి రెండో స్విచ్చుకు అంటించారు. మళ్లీ నా వంతు వచ్చింది. రబ్బరు గుండ్రంగా వేలికి తగలగానే చేయి దానంతట అదే వెనక్కి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు ఇలాగే నేల మీద చక్రాలు ముడుచుకునేవని, ఆల్ఫాన్స్ చాపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మీటల ఆకారం మార్చి ఆ చిక్కు తీర్చారని ఆ తర్వాతే చెప్పారు. ముందే చెప్పి ఉంటే నాకు ఇంతగా గుర్తుండేది కాదు. నేటికీ ప్రయాణికుల విమానాల్లో చక్రాల మీట చివర చక్రం ఆకారమే ఉంటుంది.

సీటు డిజైనరు
బాగుంది. కానీ ఆకారం మార్చితే పోయే తప్పు పాతకాలపుది. ఈనాటి తప్పులు మోడ్‌లలో ఉన్నాయి, అంటే ఎంచుకున్న పద్ధతిని బట్టి ఒకే అంకెకు వేరే అర్థం వచ్చే చోట. బోర్డు మీద "33" అని రాసి ఏమిటో చెప్పమనండి. 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ దగ్గర కొండను ఢీకొన్న ఏ320లో, 3.3 డిగ్రీల వాలు అనుకున్నది నిమిషానికి 3,300 అడుగులుగా అమలై ఉంటుందని దర్యాప్తులో భావించారు. 87 మంది చనిపోయారు. తర్వాత ఎయిర్‌బస్ దిగే వేగాన్ని నాలుగు అంకెలతో చూపేలా డిస్‌ప్లే మార్చింది. ఇంత చిన్న మార్పుకు అంత మూల్యం చెల్లించవలసి వచ్చింది.

నిజమైన ప్రాజెక్టు అంటారా, నేను పనిచేసిన చోట విద్యార్థులకు డ్రాయింగులు చూపనివ్వలేదు. రహస్యం అన్నారు. అందుకని అట్టపెట్టెలతో కాక్‌పిట్ కట్టించి, పిల్లల చేతనే ఒకరి కొలతలు ఒకరు తీయించాను. కూర్చున్నప్పటి ఎత్తు, చేయి చాపు, మోకాలి పొడవు. తరగతి సగటుతో సీటు గీశాక ఆ సీటు ఎవరికీ కుదరలేదు. అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ 4,063 మంది పైలట్లను పది కొలతల్లో చూస్తే, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారు ఒక్కరూ తేలలేదు. సర్దుబాటు సీటు అవసరం పిల్లలకు అక్కడ అర్థమైంది. ఒక అమ్మాయి పెడల్ అందక, పెట్టె అంచు పట్టుకుని ముందుకు జరిగి, "సార్, ఇలా కూర్చుంటే బయటేమీ కనిపించదు" అంది. ఆ మాటను నివేదికలో మొదటి వాక్యంగా రాయించాను.

మారతహళ్లి టీచరు
పెద్దాయన గారూ, మీటల సంగతి రేపే అడుగుతాను. ఈ శనివారం పిల్లలను హెచ్‌ఏఎల్ మ్యూజియానికి తీసుకెళ్తున్నాను. అక్కడ హెచ్‌ఏఎల్ తయారుచేసిన యుద్ధ విమానం మారుత్ ముందు నిలబెట్టి, లోపల కూర్చునే మనిషికి ఏది అందుతుందో, ఏది కనిపిస్తుందో ఊహించి గీయమంటాను. ప్రమాదం మీద కాగితాలు మళ్లీ రాయిస్తాను, "తప్పిదం" అన్న మాట వాడకుండా. పలక, స్విచ్చులు దొరికాయి. సూట్‌కేసు చక్రం కోసం మా అత్తగారి అటక వెతుకుతున్నాను.

విమానపుర పెద్దాయన
చక్రం నా దగ్గర ఉందమ్మా. శనివారం మ్యూజియం గేటు దగ్గరికి తెస్తాను. వీలైతే పిల్లలతో ఓ గంట మాట్లాడతాను.