మాకింగ్‌జే పూర్తి చేశాను: కాట్నిస్ ఆ ఓటు ఎందుకు వేసింది?

కర్నూలు, డిగ్రీ ఫైనలియర్:
హంగర్ గేమ్స్ నవలల్లో మూడోదైన మాకింగ్‌జే నిన్న రాత్రి అయిపోయింది. ఇంకా కోపం తగ్గలేదు. పిల్లలు ఒకర్నొకరు చంపుకునే ఆటలకు లాటరీలో చెల్లెలి పేరొస్తే బదులుగా తాను వెళ్తానన్న అక్క కాట్నిస్ కథ కదా ఇది! ఆ చెల్లెలు, పద్నాలుగేళ్లు కూడా నిండని ప్రిమ్, చివర్లో బాంబులకు కాలిపోతే అక్క పడ్డ కష్టమంతా ఏమైనట్టు? కాట్నిస్‌తో కలిసి పోరాడిన ఫిన్నిక్‌ని అయితే నాలుగు లైన్లలో చంపేశారు, ఏడవడానికి కూడా టైమ్ ఇవ్వలేదు.

అసలు నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఓటింగ్. యుద్ధం గెలిచాక, ఓడిన రాజధాని క్యాపిటల్ పిల్లలతో ఆఖరిసారి ఆటలు పెడదామని తిరుగుబాటు నాయకురాలు కాయిన్ అడిగితే, పాత ఆటల్లో గెలిచి బతికినవాళ్లలో పీటా, ఆనీ, బీటీ వద్దన్నారు. కాట్నిస్ "ప్రిమ్ కోసం" అంటూ సరేనంది. నిజంగానే అందా? హాస్టల్లో ఈ పుస్తకం చదివినవాళ్లు లేరు, దయచేసి ఎవరైనా చెప్పండి.

అనంతపురం నుంచి:
నిజంగానే అందమ్మా. ఆ బాధలో ఎవరైనా అంటారు. నాకు ఈ పుస్తకమే నచ్చలేదు. మొదటి రెండింట్లో పరుగెత్తిన పిల్ల ఇందులో సగం సేపు మందుల మత్తులో ఉంటుంది, లేదంటే ఏదో ఒక మూలన దాక్కుంటుంది.

కడప నుంచి, హైస్కూల్ టీచర్:
అమ్మాయ్, ఆ అధ్యాయానికి ముందున్న గులాబీ తోట సీను మళ్లీ చదువు. ఆ బాంబులు తనవి కావని ఓడిపోయిన అధ్యక్షుడు స్నో చెప్తాడు. ఒకసారి పేలి, కాపాడటానికి జనం చేరాక రెండోసారి పేలే ఆ పన్నాగం కాట్నిస్ స్నేహితుడు గేల్, బీటీ కలిసి ఆలోచించినదేనని ఆమెకు ముందే తెలుసు. ఇక ఆమెకు కావాల్సింది కాయిన్ ఎలాంటి మనిషో తేల్చుకోవడం. పిల్లల్ని మళ్లీ ఆటలోకి దింపుదామని కాయిన్ నోటితోనే అన్నాక ఇంకేం తేలాలి? ఊరకనే సరే అనలేదు, బాగా ఆలోచించుకుని అంది. ఆటల్లో తనకు దారి చూపిన హేమిచ్ తనను ఎంత అర్థం చేసుకున్నాడో కూడా అక్కడే చూసుకుంది. పగే ముఖ్యమైతే, స్నోని చంపమని ఆమెకు అప్పగించిన రోజు అతను ఎదురుగా కట్టేసి ఉన్నాడు, బాణం చేతిలో ఉంది. అది కాయిన్ మీదికి ఎందుకు తిరిగింది?

నాకిది నమ్మశక్యంగా అనిపించడానికి ఇంకో కారణం ఉంది. మాది కక్షల ఊరు. మా పెద్దమ్మ భర్తను అందులోనే పోగొట్టుకుంది. కొడుకు మీసాలొచ్చే వయసుకు రాగానే పెద్దమనుషులు ఇంటికొచ్చి, నాయన బాకీ తీర్చాల కదా అన్నారు. "సరేనప్పా, మీరెట్ల చెప్తే అట్ల" అని అందరికీ టీ ఇచ్చి పంపింది. తెల్లారేసరికి కొడుకు తిరుపతి బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ గదిలో ఆమె కాదని ఉంటే పిల్లోడిని ఊరు దాటనిచ్చేవాళ్లు కాదు. కాట్నిస్ చెప్పిన సరే నాకు ఆ సరే లాగే వినిపించింది.

అనంతపురం నుంచి:
సార్, మీ పెద్దమ్మగారి సంగతి చదివాక ఏం మాట్లాడాలో తెలియలేదు. ఓటు విషయం మళ్లీ ఆలోచిస్తాను. కానీ హీరోయిన్‌ని అంత నీరసంగా చూపించాలా?

ప్రొద్దుటూరు నుంచి:
చూపించాలక్కా. రచయిత్రి సుజాన్ కాలిన్స్ నాన్నగారు ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశారు, వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చారు. యుద్ధం నుంచి వచ్చిన మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో ఆమె చిన్నప్పుడే చూసింది. అందుకే గెలిచాక కూడా కాట్నిస్‌కి పీడకలలు ఆగవు. పిల్లల్ని కనడానికి ఒప్పుకోవడానికే ఏళ్లు పట్టింది. నాకు ఈ మూడింట్లో ఇదే ఇష్టం.

కర్నూలు, డిగ్రీ ఫైనలియర్:
సార్, గులాబీ తోట సీను ఇప్పుడే మళ్లీ చదివాను. ఓటు విషయంలో మీరన్నదే నిజమనిపిస్తోంది, కాయిన్ ముందు కాదంటే బాణం పట్టే అవకాశమే వచ్చేది కాదేమో. ఒక్కటే అర్థం కాలేదు. ఆ బాంబు తనదో కాదో తెలియదన్న గేల్‌ని అంత తేలిగ్గా రెండో జిల్లాకు పంపేసి వదిలేశారేం? ప్రిమ్ విషయంలో మాత్రం నేను రచయిత్రిని క్షమించను.

కడప నుంచి, హైస్కూల్ టీచర్:
క్షమించొద్దులే. కాట్నిస్ కూడా గేల్‌ని క్షమించలేదు, అందుకే అతను తమ సొంత పన్నెండో జిల్లాకు తిరిగి రాలేదు.