ఎంబీఏ కేసు చాట్‌జీపీటీ రాసిపెడితే మార్కులు ఎవరికి వేయాలి?

ఆపరేషన్స్ టీచర్:
బెంగళూరులో ఎంబీఏ పిల్లలకు ఆపరేషన్స్, అంటే సంస్థల్లో పని సజావుగా నడిపే పద్ధతులు, చెబుతాను. ఒక కంపెనీ సమస్యను కేసుగా ఇచ్చి విశ్లేషించి రమ్మంటాం. పోయిన వారం వచ్చిన విశ్లేషణల్లో సగానికి పైగా చాట్‌జీపీటీ రాసిపెట్టినట్టు, ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. "ఈ ఫ్యాక్టరీలో పని ఎక్కడ ఆగిపోతోంది?" అని ఒకబ్బాయిని అడిగితే, జవాబు కోసం తను ఇచ్చిన కాగితాల్లోనే వెతుక్కున్నాడు. చాలా బాధేసింది. ఇంటిదగ్గర రాసేవాటికి మార్కులు తీసేసి, అంతా వైవాలోనే, అంటే ఎదురుగా కూర్చోబెట్టి నోటితోనే, అడుగుదామనుకుంటున్నాను. మీరేమంటారు?

వైట్‌ఫీల్డ్ వాసి:
వద్దు మేడం. మా ఆఫీసులో చాట్‌జీపీటీ రోజూ వాడతాం. 2023లో హార్వర్డ్ వాళ్ళూ మరికొందరూ కలిసి బీసీజీ అనే కన్సల్టింగ్ కంపెనీలో 758 మంది కన్సల్టెంట్ల మీద పరిశోధన చేశారు. చాట్‌జీపీటీ వెనకుండే జీపీటీ-4 అనే ఏఐని వాడినవాళ్ళు పని పాతిక శాతం త్వరగా ముగించారు, నాణ్యత కూడా పెరిగింది. కాలేజీలో ముట్టుకోవద్దంటే ఎలా?

ఆపరేషన్స్ టీచర్:
ఆ పరిశోధనలోనే జీపీటీ-4 సత్తాకు మించిన పని కూడా ఒకటి ఇచ్చారండీ. ఏఐ లేకుండా చేసినవాళ్ళలో 84 శాతం మంది సరైన జవాబు చెప్పారు. వాడినవాళ్ళలో 60-70 శాతమే. వాళ్ళంతా ఉద్యోగంలో ఉన్నవాళ్ళు. అప్పుడే డిగ్రీ ముగించి వచ్చిన పిల్లలకు ఏ పని దానికి చేతనవుతుందో, ఏది కాదో ఎలా తెలుస్తుంది? అదే ఏడాది జనవరిలో అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ క్రిస్టియన్ టెర్వీష్ తన ఆపరేషన్స్ ఫైనల్ పరీక్షను చాట్‌జీపీటీతో రాయించి చూశారు. బీ, బీ మైనస్ మధ్య గ్రేడు వస్తుందన్నారు. వివరణలు బాగానే ఇచ్చింది కానీ, ఆరో తరగతి లెక్కల్లాంటివి తప్పు చేసింది. ఇప్పటివి మెరుగే, ఒప్పుకుంటాను. లెక్క తప్పిందని పట్టుకునేవాడు మాత్రం ఎప్పుడూ ఉండాలి కదా.

అనంతపురం కుర్రాడు:
మేడం, నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. మొదటి సెమిస్టర్‌లో ఇరవై పేజీల కేసు చదివేసరికి అర్ధరాత్రి దాటేది. అర్థం కాలేదని పక్కవాణ్ణి అడగాలన్నా సిగ్గు. ఇప్పుడు "వర్కింగ్ క్యాపిటల్ అంటే మా నాన్న కిరాణా కొట్టు లెక్కలో చెప్పు" అని తెలుగులోనే అడుగుతున్నా. క్లాసులో నోరు విప్పింది ఆ తర్వాతే. మీరన్నట్టు అంతా వైవా చేస్తే, గలగలా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకే మార్కులు పడతాయి. నాలాంటివాళ్ళకు టెన్షన్‌లో వచ్చింది కూడా గుర్తురాదు.

ఆపరేషన్స్ టీచర్:
ఈ సంగతి నాకు తట్టలేదు బాబూ. అయితే రాతపని ఉంచుతాను. చాట్‌జీపీటీని ఏమడిగారో, అది చెప్పినదాంట్లో దేన్ని ఎందుకు కొట్టేశారో కూడా రాసి తేవాలి. వైవాలో తెలుగు, కన్నడ, ఏది కలిపి మాట్లాడినా సరే. పని ఎక్కడ ఆగిపోతోందో మాత్రం నా ఎదురుగా, కాగితం మీద లెక్క వేసి చూపించాలి. అది వదలను.