‘పిల్లకి అరణం ఏటెట్టినారు?’ – ఈ మాట కట్నం కాదు

మొన్న మాఘంలో మా ఇంట పెళ్లయింది. పిల్లది మా పర్లాకిమిడే, పిల్లాడిది పాతపట్నం. నడుమ ఒడిశా, ఆంధ్ర రాష్ట్రాల సరిహద్దు ఉందన్న మాటే గాని ఆటోలో వెళ్లి వచ్చేసే దూరం. అప్పగింతలయ్యాక సారె సామాను వ్యానులోకి ఎక్కిస్తుంటే మా నాన్నమ్మ అరుగు మీంచి కేకేసింది: “ఏటమ్మా, పిల్లకి అరణం ఏటెట్టినారు?” మా ఎదురింటి ఒడియా పిన్ని పక్కనే ఉంది. నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది, అరణం అంటే జౌతుకేనా, అంటే కట్నమేనా అని. హడావిడిలో అవునన్నాను. అది తప్పు. అరణమంటే పుట్టింటివాళ్లు పిల్లకే, ఆమె సొంతానికి ఇచ్చే సొమ్ము. ఆ రోజు నుంచీ నా మనసులో మెదులుతూనే ఉంది. నిన్న ఇక్కడ ఒక తమ్ముడు “అరణం అంటే కట్నానికి పాత పేరు, అంతే” అని రాశాక ఇక ఊరుకోలేకపోయాను.

ముందు మాట పుట్టుక. అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశంలో ఒక పాదం ఉంది:

“యౌతకాది తు యద్దేయం సుదాయో హరణం చ తత్”

యౌతకం మొదలైన ఈవిని, అంటే ఇచ్చే కానుకను, సుదాయమనీ హరణమనీ అంటారని అర్థం. యుత అంటే కలిసినది. కలిసి కూర్చున్న వధూవరులకు ఇచ్చేది యౌతకం. దాన్నే మా పిన్ని జౌతుక అంటుంది, ఒడియాలో మాట మొదటి యకారం నోట్లో జకారమవుతుంది కాబట్టి. మన అరణం ఆ పాదంలోని హరణమే. సంస్కృతం నుంచి తెలుగుకి వచ్చేటప్పుడు మొదటి హకారం జారిపోవడం కొత్త కాదు: హంస అంచ అయింది, హర్షం అరుసమైంది. అంటే మా వీధిలో ఎదురుబొదురు ఇళ్లలో పలికే రెండు మాటలూ, ఇవాళ్టి వాడుకలో అర్థం వేరైనా, ఒకే పాదంలో పక్కపక్కన కూర్చున్నాయి. ఇది కనిపెట్టిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇంకో సంగతి చూడండి. అమరసింహుడు ఈ పాదాన్ని మనుష్యవర్గంలో పెట్టలేదు, క్షత్రియవర్గంలో పెట్టాడు. దీనికి సరిగ్గా ముందున్నది ఉపాయనం, ఉపహారం, ఉపద, అంటే రాజుల దగ్గరికి పట్టుకెళ్లే కానుకల పట్టిక. కూతురి వెంట పంపే సొమ్మును ఆయన రాచకానుకల పక్కన చేర్చాడు. రాజుల ఇళ్లలో పెళ్లి అంటే అదే మరి. పిల్ల వెళ్లేది ఒక ఇంటికి కాదు, ఒక రాజ్యానికి.

హరణమంటే ఎత్తుకుపోవడం కదా, ఇవ్వడమెలా అయిందని అడుగుతారు. ఈ రెండర్థాల్నీ భారతం ఒకే కథలో చూపించింది. ఆదిపర్వంలో సుభద్రాహరణం అయిపోగానే వచ్చే ఉపపర్వం పేరు హరణహారికం. మొదటి హరణం అర్జునుడు సుభద్రను రథమెక్కించుకుపోవడం, రెండోది పుట్టింటివాళ్లు సొమ్ము పట్టుకెళ్లడం. “హరణం వై సుభద్రాయా జ్ఞాతిదేయం” అంటాడు వ్యాసుడు. సుభద్రకు బంధువులు ఇవ్వవలసిన ఈవి అది. కృష్ణుడు గజ్జెలు కట్టిన 1,000 బంగారు రథాలు, మథుర దేశపు పాడి ఆవులు 10,000 ఇచ్చాడు. “సుభద్రాయా”, అంటే ‘సుభద్ర యొక్క’ అనే ఆ షష్ఠీ విభక్తిని పట్టుకోండి, సొమ్ము ఎవరిదో అది చెబుతుంది.

అదే కథలో వార్తాహరుల సంగతీ ఉంది. ఎత్తుకుపోయే ముందు కృష్ణార్జునులు ఇంద్రప్రస్థానికి వేగంగా మనుషుల్ని పంపి ధర్మరాజు అనుమతి తెప్పించుకున్నారు. అన్నగారిని అడిగారు, పిల్లను అడగలేదు. రుక్మిణి కథ ఇందుకు తలకిందులు. అక్కడ కబురు పంపింది పిల్లే, అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత. రెండూ హరణాలే. రుక్మిణి కథలో పిల్ల మాట ముందు వెళ్లింది, సుభద్ర కథలో పిల్ల వెళ్లాక సొమ్ము వెళ్లింది.

ఇక నాకు ఎంతో ఇష్టమైన చోటికి వస్తాను. అరణమంటే ఆవులూ పళ్లేలూ దాసీలే కాదు, మనవాళ్ల కథలో ఒక కవి కూడా. తిరుమలదేవి శ్రీకృష్ణదేవరాయల ఇంటికి కోడలిగా వెళ్తూ నంది తిమ్మన్నను అరణంగా తీసుకెళ్లిందనీ, అందుకే ఆయన అరణపు కవి అనీ చెప్పుకుంటారు. ఆమె కాళ్లు రాజుగారి పటం వైపు ఉండగా నిద్రపోయిందట. రాయలు అలిగి రావడం మానేశాడట. అప్పుడు తిమ్మన్న పారిజాతాపహరణం చెప్పి, సత్యభామ ఎడమకాలితో కృష్ణుడి తల తొలగదోసిన చోట ఇలా అన్నాడు:

“...నాథుల్ నేరముల్ సేయఁ బేరలుకం జెందిన యట్టి కాంత లుచితవ్యాపారముల్ నేర్తురే!”

మగడు తప్పుచేస్తే పెద్ద అలుక పూనిన ఆడది మర్యాదలు లెక్కపెడుతుందా అని. పటం కథ జనం నోట నడిచినది, శాసనాల్లో దొరికేది కాదు. అయినా దాన్ని అల్లినవాళ్లకు అరణమంటే ఏమిటో బాగా తెలుసు. రాజు ముందు రాణి నోరు విప్పలేని రోజున ఆమె పుట్టింటి నుంచి వచ్చినది ఆమె తరఫున మాట్లాడింది. కట్నం ఆ పని చెయ్యదు. కట్నం చేతులు మారిన రోజునే అవతలివాళ్లదైపోతుంది.

మన వైపు నుంచి వెళ్లిన పిల్ల సంగతీ చెప్పాలి. రాయలు ఒడిశాను ఏలే ప్రతాపరుద్ర గజపతి మీద దండెత్తి, 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు తీసుకుని, 1516లో సింహాచలం చేరి, చిన్నాదేవీ తిరుమలదేవీ తోడుగా స్వామికి నగలిచ్చాడు. ఆ శాసనం గుడిలోనే ఉంది. చివరికి సంధి కుదిరింది. గజపతి కూతుర్ని రాయలు పెళ్లాడాడు, కృష్ణకు ఉత్తరాన గెలుచుకున్న నేల తిరిగి ఇచ్చేశాడు. హరించిన నేలే మళ్లీ ఈవిగా వెనక్కి వచ్చిందన్నమాట. ఒకే మాటలోని రెండర్థాలూ ఆ సంధిలో కలిశాయి.

ఆమెను తుక్కాదేవి అంటారు. రాయల ఆదరణకు నోచుకోక దూరంగా బతికిందనీ, తుక్కా పంచకమనే అయిదు సంస్కృత శ్లోకాలు ఆమెవేననీ ప్రతీతి. ఒకదాంట్లో తుమ్మెద అన్ని పూలమీదా తిరిగి గంధఫలిని, అంటే సంపెంగను, వాసనైనా చూడదు. ఆపైన ఇలా అంటుంది:

“సా కిం న రమ్యా స చ కిం న రన్తా బలీయసీ కేవలమీశ్వరేచ్ఛా”

ఆ పువ్వు అందమైనది కాదా, ఆ తుమ్మెద రసికుడు కాడా, ఈశ్వరేచ్ఛే బలమైనది. తిరుమలదేవికి మాట్లాడిపెట్టడానికి కవి ఉన్నాడు. ఈమె వెంట అలాంటి అరణం రాలేదు. తన శ్లోకం తానే చెప్పుకోవలసి వచ్చింది. చదివిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతుంది, మా వైపు ఆడపిల్ల అన్న అభిమానం ఒకటీ, ఒంటరిదన్న జాలి ఒకటీ.

తమ్ముడి మాటకు జవాబు మా నాన్నమ్మ దగ్గరే దొరికింది. ఆమెకు అరణంగా ఒక కర్రావు, గంగాళం వచ్చాయి. ఆవు పాలు ఇంట్లో అందరూ తాగారు. పెయ్యను అమ్మినప్పుడు మాత్రం తాతయ్య ఆ డబ్బు తెచ్చి నాన్నమ్మ చేతిలో పెట్టాడు. “నీ అరణం పిల్ల అమ్ముడుపోయింది” అన్నాడట. ఆ డబ్బుతోనే ఆమె ముక్కుపుడక చేయించుకుంది. ఇవాళ్టికీ ముక్కునే ఉంది. తాతయ్యకు ఇచ్చిన కట్నం ఎంతని అడిగితే మాత్రం “అదేటో నాకేటి తెలుసు, మగోళ్లు చూసుకున్నారు” అంటుంది.

నిన్న సాయంత్రం ఎదురింటికి వెళ్లి పిన్నితో చెప్పాను, అరణం జౌతుక కాదు, నేనే తప్పు చెప్పానని. ఆమె కాసేపు ఆలోచించి, మరైతే భార లాంటిదా అంది. పెళ్లయిన కూతురింటికి పండగలకి పుట్టింటివాళ్లు పంపే వస్తువుల్ని ఒడియావాళ్లు భార అంటారు. అదీ సరిగ్గా అదే కాదు గాని, జౌతుక కంటే చాలా దగ్గర.

రాయగడ, కొరాపుట్, బరంపురం వైపు ఉన్నవాళ్లు మీ ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాటను ఏ వాక్యంలో వాడతారో, వాళ్ల నోట వచ్చినట్టే, దిద్దకుండా రాయండి. సొమ్ము ఎవరి చేతిలో ఉండేదో కూడా అడిగి రాయండి.