మున్సిపల్ హాళ్ళు, గ్రౌండుల్లో ఫంక్షన్లకి మందు: మీ ఊళ్ళో ఎలా ఆపుతున్నారు?

కాలవగట్టు (పశ్చిమ గోదావరి)
అందరికీ నమస్కారమండి. మాది డెల్టాలో ఒక మున్సిపాలిటీ, ఊరి పేరు రాయట్లేదు. మా వార్డులో మున్సిపల్ కమ్యూనిటీ హాలు, దాన్నానుకుని గ్రౌండు ఉన్నాయి. పెళ్ళిళ్ళు, రిసెప్షన్లు, ఓణీల ఫంక్షన్లు, ఉద్యోగ సంఘాల మీటింగులు అన్నీ అక్కడే, ఎందుకంటే ఏసీ ఫంక్షన్ హాళ్ళ రేట్లు మామూలోళ్ళు పెట్టుకోలేరు కదా. బుకింగ్ కాగితం వెనకాల "ఆవరణలో మద్యపానం నిషేధం" అని ఒక లైను ఉంటుంది, అంతే. హాల్లో ఎవరూ తాగరు, అది నిజమే. రాత్రి తొమ్మిదయ్యేసరికి మాత్రం జనరేటర్ వెనకాల, కారు డిక్కీల దగ్గర సిట్టింగులు మొదలైపోతాయి. తెల్లారి చూస్తే గ్రౌండంతా క్వార్టర్ సీసాలు, వాటర్ ప్యాకెట్లు, డిస్పోజబుల్ గ్లాసులు. సీసాల్ని గోడకేసి కొట్టడం ఒక సరదా కొంతమందికి. మొన్న మా పక్కింటి బాబు ఉట్టి కాళ్ళతో క్రికెట్ ఆడుతుంటే అరికాల్లో గాజుపెంకు దిగింది, కుట్లు పడ్డాయి.
కమిషనర్ గారికి అర్జీ పెడదామనుకుంటున్నాం కాలనీవాళ్ళం. పూర్తిగా ఆపమని అడగాలా, లేకపోతే పర్మిషనిచ్చి గట్టిగా రూల్సు పెట్టమని అడగాలా తేల్చుకోలేకపోతున్నాం. మీ దగ్గర ఏది పనిచేసిందో చెప్పండి. పార్టీల గొడవలు వద్దండి దయచేసి.

లంకతోట (కోనసీమ)
ఆయ్, మా అభిప్రాయమైతే ఒకటేనండి, ప్రభుత్వ స్థలంలో చుక్క కూడా ఉండకూడదు. అది అందరి పన్నులతో కట్టిన హాలు. మా ఆడాళ్ళు రిసెప్షన్‌కి వస్తే ఎనిమిదిన్నరకల్లా భోజనం చేసేసి పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతున్నారు, ఎందుకో అందరికీ తెలుసు, బయటికి మాత్రం ఎవరూ అనరు. పెళ్ళికూతురి పక్కన ఫొటో దిగడానిక్కూడా భయపడే పరిస్థితి ఉంటే అది ఫంక్షనెలా అవుతుందండి. తాగాలనుకున్నోళ్ళు ఇంటికెళ్ళి తాగొచ్చు, బార్‌కెళ్ళొచ్చు, వద్దనేదెవరు.

యానాం_రోడ్డు
లంకతోట గారూ మీ బాధ అర్థమవుతుంది కానీ మన ఏరియాలో "చుక్క ఉండకూడదు" అనేది కాగితమ్మీద మాత్రమే నిలబడుతుంది. 1995 జనవరిలో రాష్ట్రమంతా నిషేధం పెట్టారు, 97లో ఎత్తేశారు. ఆ రెండేళ్ళూ యానాం మాత్రం పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి నిషేధం అక్కడికి రాలేదు, ఇటు కాకినాడ వైపు నుంచి అటు ఎదుర్లంక వైపు నుంచి జనం ఎలా వెళ్ళేవాళ్ళో మా నాన్నగారు ఇప్పటికీ చెప్తారు. ఇప్పుడూ అక్కడ పన్నులు వేరు, రేటు తక్కువ, అందుకని ఫంక్షన్‌కి పెట్టెలు పెట్టెలు అక్కడినుంచే తెద్దామంటారు. అక్కడి సరుకు ఏపీలో పట్టుబడితే ఎక్సైజ్ కేసే, బండి కూడా సీజ్ చేస్తారు. మున్సిపల్ హాల్లో అదే సరుకు దొరికితే ఎవరి మీద రాస్తారో ఆలోచించండి. బుక్ చేసుకున్న పెళ్ళికూతురి తండ్రి మీద. పాపం ఆయన చాలాసార్లు ఆ సీసా కళ్ళతో కూడా చూసుండడు, తెచ్చేది ఎవరో పెదనాన్న కొడుకులు, పెళ్ళికొడుకు ఫ్రెండ్సు.

సప్లై_క్యాటరింగ్ (తూర్పు గోదావరి)
ఈ విషయంలో మా వైపు నుంచి ఒక మాట చెప్పాలి. మాది క్యాటరింగ్, ప్రైవేటు హాళ్ళూ మున్సిపల్ హాళ్ళూ రెండూ చేస్తాం. మా దగ్గర వడ్డనకొచ్చేది ఇంటర్, డిగ్రీ చదివే కుర్రాళ్ళు, సెలవుల్లో ఫీజులకోసం వస్తారు. పార్టీవాళ్ళు "తమ్ముడూ కాస్త గ్లాసులు సర్దు, ఐసు తీసుకురా, సోడా కొట్టు" అని వాళ్ళనే పిలుస్తారు. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాడికి మందు అమ్మకూడదు, అలాంటప్పుడు పద్దెనిమిదేళ్ళ పిల్లాడి చేత పోయించడమేంటండి? నేను అగ్రిమెంటులోనే రాసేస్తున్నాను, మా కుర్రాళ్ళు మందు టేబుల్ దగ్గరికి రారు, పిలిస్తే వంట సామాను సర్దుకుని వెళ్ళిపోతామని. ఒకటి రెండు ఆర్డర్లు పోయాయి, ఫర్లేదు. అర్జీలో ఈ పాయింటు తప్పకుండా పెట్టండి, వడ్డించేవాళ్ళ వయసు సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు.

పొద్దున్నే_ఊడ్పు
మా అమ్మ మున్సిపాలిటీలో శానిటేషన్ వర్కర్. పెళ్ళిళ్ళ సీజన్లో ఆమె డ్యూటీ తెల్లారకముందే మొదలవుద్ది. మీరందరూ గ్రౌండు చూసేది ఏడింటికి, అప్పటికి సగం తీసేసుంటారు. చీకట్లో గాజుపెంకులు ఏరాలంటే చీపురుతో అవ్వదు, గడ్డిలో ఇరుక్కుంటాయి, వంగి చేత్తో తియ్యాల్సిందే. గ్లౌజులిస్తారు, గుడ్డవి, పెంకుకి చిరిగిపోతాయి. చిత్తు ఏరుకునేవాళ్ళు పగలని సీసాలు పట్టుకెళ్తారు గానీ పగిలింది ఎవరూ తీసుకోరు, అది ఆడోళ్ళకే మిగులుద్ది. వాంతులు కడగడం కూడా వాళ్ళ పనే. మా అమ్మకి బొటనవేలు దగ్గర ఇప్పటికీ మచ్చ ఉంది. డిపాజిట్ కట్ చేస్తే ఆ డబ్బు ఆఫీసు ఖాతాలోకే పోతుందా, ఊడ్చినవాళ్ళకి ఎక్స్‌ట్రా ఇస్తారా, ఇది కూడా రాయండి అర్జీలో.

కాలవగట్టు
@పొద్దున్నే_ఊడ్పు తమ్ముడూ ఇది రాసినందుకు చాలా థ్యాంక్స్. మేం పిల్లలగురించే ఆలోచించాం గానీ ఇది మాకు తట్టలేదు. తప్పకుండా పెడతాం.

రిటైర్డ్_రెవెన్యూ_సెక్షన్
నేను ఒక మున్సిపాలిటీలో హాలు బుకింగులు చూసే సెక్షన్లోనే చాలా ఏళ్ళు చేసి రిటైరయ్యాను. అసలు లోపం ఎక్కడుందో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.
మొదటిది, బుకింగ్ కాగితంలో "హాలు" అని ఉంటుంది. హాలంటే నాలుగు గోడలు. పక్కనున్న ఖాళీ స్థలం, పార్కింగు, గేటు ముందు రోడ్డు మార్జిను ఆ రోజుకి ఎవరి బాధ్యతో ఎక్కడా రాసుండదు. తాగేదంతా సరిగ్గా అక్కడే. వాచ్‌మన్ వెళ్ళి అడిగితే "మేం హాల్లో లేం కదా" అంటారు, అతను మాత్రం ఏం చేస్తాడు, అతనిది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, అటుపక్క ఊళ్ళో పెద్దమనుషులు.
రెండోది డిపాజిట్. డిపాజిట్ కట్టించుకుంటాం గానీ మర్నాడు రసీదు పట్టుకుని రాగానే వెనక్కిచ్చేస్తాం, గ్రౌండు ఎలా ఉందో చూసొచ్చేవాళ్ళు ఉండరు. ఇచ్చే సెక్షను వేరు, ఊడ్చే సెక్షను వేరు, ఈ ఇద్దరికీ మధ్య కాగితం నడవదు. ఇప్పుడు వార్డు సచివాలయాల్లో శానిటేషన్ సెక్రటరీ ఉంటున్నారు కాబట్టి ఆయన సంతకం లేకుండా డిపాజిట్ వెనక్కివ్వకూడదని ఒక్క ఆర్డరు చాలు. తాళాలిచ్చేముందు నాలుగు ఫొటోలు, తాళాలు తీసుకునేటప్పుడు నాలుగు ఫొటోలు, బుక్ చేసినవాళ్ళ ఎదురుగానే. నేనున్నప్పుడు ఒక కమిషనర్ గారు ఈ పద్ధతి పెట్టారు, ఆయన ఉన్నన్నాళ్ళూ సీసాలు బాగా తగ్గాయి, ఎందుకంటే పెళ్ళివాళ్ళే ఇద్దరు బంధువుల్ని గ్రౌండులో కాపలా పెట్టుకునేవాళ్ళు. ఆయన ట్రాన్స్‌ఫరయ్యాక మళ్ళీ మామూలే. అందుకని నోటిమాట పద్ధతి అడక్కండి, రాతపూర్వకంగా ఆర్డరు అడగండి, బుకింగ్ ఫారంలోనే అచ్చేయించమనండి.
మూడోది పర్మిషన్ సంగతి. ఫంక్షన్లో మందు పెట్టాలంటే ఎక్సైజ్ వాళ్ళ దగ్గర ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి, అది ఆ ఒక్క ఈవెంటుకి మాత్రమే. కానీ ఆ పర్మిట్ వేరు, స్థలం ఓనరు ఒప్పుకోవడం వేరు. మున్సిపాలిటీ హాలుకి మున్సిపాలిటీయే ఓనరు, అది వద్దంటే వద్దే. కాబట్టి ఏ హాల్లో ఒప్పుకుంటాం, ఏ హాల్లో ససేమిరా కుదరదు అనేది మున్సిపాలిటీ ముందే చెప్పగలదు. స్కూలు గ్రౌండు, గుడి పక్క స్థలం, పార్కు, ఘాటు, ఇవి పూర్తిగా వద్దు. మిగతావాటి సంగతి మాట్లాడుకోవచ్చు.

లంకతోట
మాట్లాడుకోవచ్చు అంటే ఒప్పుకున్నట్టే కదండీ. ఈ రోజు ఒక హాలంటారు, వచ్చే ఏడు అన్ని హాళ్ళూ అంటారు.

పాలకొల్లు_టు_కెనడా
మాది పాలకొల్లు, ఇప్పుడు కెనడాలో ఒంటారియోలో ఉంటున్నాం. ఇక్కడ సిటీ హాళ్ళల్లోనే మన ఉగాది, సంక్రాంతి ఫంక్షన్లు చేస్తాం, నేను అసోసియేషన్ తరఫున బుక్ చేసే పని చూశాను కాబట్టి ఎలా ఉంటుందో రాస్తున్నా. మన సంక్రాంతికి మందు ఉండదు, ఆఫీసువాళ్ళ పార్టీకో పెళ్ళి రిసెప్షన్‌కో అయితే ఉంటుంది. అప్పుడు ప్రావిన్స్ దగ్గర స్పెషల్ అకేషన్ పర్మిట్ తీసుకోవాలి, దానిమీద ఒక మనిషి పేరుంటుంది, ఏం జరిగినా జవాబు ఆ మనిషిదే. చాలా సిటీలకి మళ్ళీ సొంతంగా ఒక ఆల్కహాల్ పాలసీ ఉంటుంది. మందు పోసేవాళ్ళు స్మార్ట్ సర్వ్ అని ఒక ట్రైనింగ్ చేసుండాలి, తూలుతున్నవాడికి ఇంక పొయ్యనని చెప్పే అధికారం వాళ్ళకుంటుంది. లయబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకోవాలి, అందులో సిటీ పేరు కూడా చేర్చాలి, ఎవరైనా దెబ్బతగిలి కేసేస్తే సిటీ ఒక్కటే మునిగిపోకుండా. ఫుడ్డు లేకుండా మందు పెట్టనివ్వరు, పార్టీ అయిపోవడానికి ముందే పొయ్యడం ఆపేస్తారు. తాగే వయసు 19. పార్కుల్లో తాగడం నిషేధమే, 2023లో టొరంటోలో కొన్ని పార్కుల్లో మాత్రం ట్రయల్‌గా ఒప్పుకున్నారు, ఫలానా పార్కులని లిస్టు బయటపెట్టి మరీ.
ఇదంతా మన దగ్గర పెట్టమనట్లేదు. ఇక్కడి ఇన్సూరెన్స్ మన పెళ్ళివాళ్ళ నెత్తిన పెడితే బీదోళ్ళకి హాలే దొరకదు. కానీ ఒక పేరున్న మనిషి జవాబుదారీ, ముందే ఆపేసే టైము, ఈ రెండూ పైసా ఖర్చు లేనివి కదా.

సప్లై_క్యాటరింగ్
ఆపేసే టైము గురించి, మన దగ్గర ఆ రూలు పక్కదారిలో ఉందండి. రాత్రి పది దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, 2000 సంవత్సరం నుంచీ ఉన్న రూలే. డీజే ఆగితే జనం వెళ్ళిపోతారు, జనం వెళ్ళిపోతే సిట్టింగు ఎత్తేస్తారు. హాలు మెయిన్ స్విచ్ పదిన్నరకి ఆపేస్తామని ఫారంలో రాసిన చోట మాకు కూడా హాయి, పదకొండుకల్లా డేగిసాలు కడుక్కుని బయటపడతాం.

గట్టురోడ్డు (అమలాపురం వైపు)
నేను చెప్పేది ఇంటికెళ్ళే దారి గురించి. మన దగ్గర ఏ హాలు నుంచి బయటికొచ్చినా కాలవ గట్టు రోడ్డు తప్పదు. ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేలు, చాలా చోట్ల రక్షణ గోడ ఉండదు, లైట్లుండవు. కాలవ నిండుగా పారే రోజుల్లో బండి జారితే పైకి రావడం కష్టం. మా బంధువుల్లో ఒకబ్బాయి రిసెప్షన్ నుంచి వస్తూ అలాగే పోయాడు, ఇరవై నాలుగేళ్ళు. ఇంట్లోవాళ్ళు ఆ పెళ్ళి ఆల్బమ్ ఇప్పటికీ తెరవలేదు. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంక్ డ్రైవే, మొదటిసారైతే ఫైను 10,000 దాకా, జైలు కూడా ఉంది. కానీ పోలీసులు ఆపేది హైవే మీద, గట్టు మీద ఎవరాపుతారు.
కాబట్టి పర్మిషనిచ్చే పనైతే బుక్ చేసినవాళ్ళే ఒక ఆటోనో వ్యానో పెట్టాలని రాయించండి. మందుకి వేలు ఖర్చుపెట్టేవాళ్ళు ఒక ఆటో పెట్టలేరా.

లంకతోట
@గట్టురోడ్డు చాలా బాధగా ఉందండి చదివితే. ఆటో సంగతి మాత్రం పర్మిషన్ ఉన్నా లేకపోయినా పెట్టాల్సిందే, దొంగతనంగా తాగినవాడు కూడా ఆ గట్టుమీదే వెళ్ళాలి కదా.

ఘాటు_మెట్లు (రాజమండ్రి)
హాళ్ళ గురించే మాట్లాడుతున్నారు, ఘాట్లని మర్చిపోవద్దు. 2027లో పుష్కరాలొస్తున్నాయి. ఇప్పుడు కూడా సాయంత్రం దాటితే కొన్ని ఘాట్ల చివరి మెట్లమీద బ్యాచ్‌లు కూర్చుంటాయి, సీసా నీళ్ళల్లోకి విసిరేస్తారు. స్నానానికి దిగేవాళ్ళకి నీళ్ళల్లో పెంకు కనపడదు. పుట్టినరోజు కేక్ కటింగులని చెప్పి మొదలెడతారు. లైటు వెలిగే ఘాటులో కూర్చోరు, బల్బు మాడిన ఘాటులోనే కూర్చుంటారు, కాబట్టి సగం పని లైట్లతోనే అయిపోద్ది.

కాలవగట్టు
అందరికీ ధన్యవాదాలండి. మీరు రాసినవన్నీ కాలనీలో చదివి వినిపించాను, ఇదిగో ముసాయిదా. ఈ సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తున్నాం, కాపీ కమిషనర్ గారికి.
"హాలు అంటే గ్రౌండు, పార్కింగు, గేటు ముందు రోడ్డు మార్జినుతో సహా అని బుకింగ్ ఫారంలో రాయాలి. బుక్ చేసినవారు కాక ఆ రోజంతా అక్కడే ఉండే ఒక పెద్దమనిషి పేరు, ఫోన్ నంబరు ఫారంలో ఉండాలి. గాజు సీసా ఆవరణలోకి రాకూడదు. శానిటేషన్ సెక్రటరీ సంతకం, ఫొటోలు లేకుండా డిపాజిట్ వెనక్కివ్వకూడదు, కోసిన డబ్బు ఆ రోజు ఊడ్చిన కార్మికులకి అదనపు కూలీగా ఇవ్వాలి, తోలు గ్లౌజులివ్వాలి. 21 నిండనివారిని మద్యం దగ్గర ఏ పనికీ పెట్టకూడదు. పదింటికి మైకు, పదిన్నరకి కరెంటు ఆపాలి. ఇంటికి చేర్చే బండి బుక్ చేసినవారే పెట్టాలి. వాచ్‌మన్ ఫోన్ చేస్తే స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చేలా ఏర్పాటుండాలి."
మందుకి పర్మిషనివ్వాలా వద్దా అన్నది మా కాలనీలో కూడా తేలలేదు. మా హాలు గోడకి ఆనుకునే ఎలిమెంటరీ స్కూలుంది కాబట్టి మాకు మాత్రం పూర్తిగా వద్దనే అడుగుతున్నాం, మిగతా హాళ్ళ సంగతి ఆయా వార్డులవాళ్ళనే అడిగి నిర్ణయించమని రాశాం.

రిటైర్డ్_రెవెన్యూ_సెక్షన్
బావుంది. ఒక్క మార్పు. కోసిన డబ్బు నేరుగా కూలీగా ఇవ్వడానికి ఆడిట్ అడ్డం చెప్తుంది. "ఫంక్షన్ క్లీనింగ్ చార్జీ" అని బుకింగ్ రోజే విడిగా రసీదు రాసి, ఆ పద్దు కిందే కూలీ ఇవ్వమని రాయండి, అప్పుడు ఎవరూ ఆపలేరు. అర్జీ ఇచ్చాక నంబరిస్తారు, ఆ కాగితం జాగ్రత్త.

పొద్దున్నే_ఊడ్పు
సోమవారం మా అమ్మా, ఇంకో ఇద్దరు వర్కర్లూ డ్యూటీ దిగి పదింటికల్లా కలెక్టరేట్‌కి వస్తామంటున్నారు, మా మున్సిపాలిటీ తరఫున ఇదే అర్జీ ఇవ్వడానికి. కాపీ ఇక్కడే పెట్టండన్నా, ప్రింట్ తీసుకుంటాం.